ఇవ్వని చింతగింజ

నా చిన్నప్పుడు పండగ ప్రయాణమంటే మా ఇంట్లో బట్టలకంటే ముందు చింతగింజలు సిద్ధమయ్యేవి. బండెక్కే మనుషులెంతమందో లెక్కపెట్టి, అన్ని గింజలు మా తాతయ్య చొక్కా జేబులో వేసుకునేవాడు.

మాది ఇల్లందు. తాతయ్య బొగ్గుబాయి దగ్గర లాంప్ రూములో పనిచేసి రిటైరయ్యాడు. బాయిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ కిటికీలో ఇచ్చి, తలకు పెట్టుకునే లైటు తీసుకోవాలి. అంతదాకా ఆ బిళ్ళ కిటికీ లోపల మేకుకు వేలాడుతుంది. పైకొచ్చాక లైటు ఇచ్చేసి బిళ్ళ తీసుకోవాలి. తాగి వచ్చినవాడికి లైటు ఇవ్వకూడదు. ఆ వాసన పట్టాల్సింది తాతయ్యే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా బాబాయి ఒక పాత జీపు కొని కిరాయికి తిప్పడం మొదలుపెట్టాడు. తాతయ్య తన కిటికీ పద్ధతిని తెచ్చి ఆ జీపుకు పెట్టాడు. ఇంట్లోనే తలా ఒక గింజ ఇచ్చేవాడు. పోయేటప్పుడూ, వచ్చేటప్పుడూ, బండెక్కే ముందు ఆ గింజ బాబాయి అరచేతిలో పెట్టాలి. ఊరు చేరాక బాబాయి తిరిగి ఇచ్చేస్తాడు. డ్రైవరు బాగున్నాడని నీకు అనిపిస్తేనే ఇవ్వాలి, ఒక్క గింజ తగ్గినా బండి కదలదు. ఇదీ షరతు. పిల్లలకు అదొక ఆట. పెద్దవాళ్ళు ముసలాయన చాదస్తమని నవ్వుకుంటూనే ఇచ్చేవాళ్ళు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, దసరా మర్నాడు, అందరం కలిసి మా అత్త వాళ్ళ ఊరికి వెళ్ళాం. మణుగూరు వైపు అడవిలో చిన్న పల్లె అది. దారి పొడుగునా మలుపులే. బాబాయి పక్కన ముందు సీటు నాది. మలుపు వచ్చినప్పుడల్లా హారన్ నాచేత కొట్టించేవాడు. మా ఇంట్లో నన్ను అంత గారాబం చేసిన మనిషి ఇంకొకరు లేరు, అందుకే ఈ సంగతి ఇంత బాగా గుర్తుంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మా మామ ఇప్పసారా సీసా తెచ్చాడు. బాబాయి రెండుసార్లు వద్దన్నాడు. "పండగపూట ఒక్క గుక్కకు ఏమైతది బామ్మర్దీ?" అని మామ మూడోసారి గ్లాసు చేతికిచ్చాడు. అల్లుడి మాట కాదంటే మర్యాద కాదని మా నాయనమ్మ కూడా ఊరుకుంది. ఆ ఒక్క గుక్క ఎన్ని గుక్కలయిందో నేను లెక్కపెట్టలేదు, సీసా సగానికి దిగడం మాత్రం చూశాను.

నాలుగింటికి బయల్దేరాం. మర్నాడు పొద్దున్నే నాన్నకు ఫస్టు షిఫ్టు. బాబాయి నడకా తూలలేదు, మాటా తడబడలేదు. బండి తాళంచెవి మాత్రం రెండుసార్లు చేతిలోంచి జారింది. నాన్న గింజ ఇచ్చాడు. అమ్మ ఇచ్చింది, నాయనమ్మ ఇచ్చింది. బాబాయి భార్య, మా పిన్ని, రెండు పెట్టింది. ఒకటి తనది, ఒకటి ఒళ్ళో ఉన్న ఆరునెలల పిల్లాడిది. తాతయ్యా ఇచ్చాడు.

చివర నేను. బాబాయి నవ్వుతూ నామీదికి వంగాడు. "ఏది బిడ్డా, నీ గింజ?" అన్నాడు. తియ్యగా, ఘాటుగా ఇప్పసారా వాసన ముఖానికి కొట్టింది. నేను పిడికిలి బిగించాను. ఎందుకు బిగించావంటే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. పిల్లాడి గింజ ఆ చేతిలో ఉండటం నాకు నచ్చలేదు, అంతే.

"ఇయ్యవే జల్దీ, పొద్దుగాల డ్యూటీ ఉన్నది!" అని నాన్న అరిచాడు. ఏడుపొచ్చింది కానీ పిడికిలి విప్పలేదు. తాతయ్య నన్ను కాసేపు చూసి, కడ్డీ పట్టుకుని మెల్లగా బండి దిగాడు.

"ఒకటి తక్కువైంది. దిగుండ్రి."

"చిన్నపిల్ల ఇయ్యకపోతే బండి ఆపుతరా? నేనేమన్న సోయి తప్పి ఉన్ననా?" అని బాబాయి మండిపడ్డాడు. తాతయ్య అందరినీ దింపేశాడు. బాబాయి నావైపు చూడకుండా వెళ్ళి పాకలో పడుకున్నాడు. ఇక జన్మలో నాతో మాట్లాడడనుకున్నాను. బండి బోల్తా పడుతుందన్న భయం కంటే ఆ భయమే నాకు పెద్దది.

పొద్దుగూకే వేళ తాతయ్య నా మంచం మీదికి వచ్చి కూర్చున్నాడు. మెచ్చుకుంటాడనుకున్నాను. మెచ్చుకోలేదు.

"ఒక దసరాకు నా జోడిగాడు జర తాగి కిటికీ కాడికొచ్చిండు. దోస్తు గదా అని లైటు ఇచ్చిన. షిఫ్టు దిగినంక అందరి బిళ్ళలు పోయినయి, వాని బిళ్ళ మేకుకే ఉండిపోయింది."

తర్వాత మెల్లగా అన్నాడు. "ఇయ్యాల గూడ నాకు వాసనొచ్చింది బిడ్డా. కొడుకు గదా, ఇచ్చిన."

తాతయ్య కళ్ళు తుడుచుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

తెల్లవారాక బాబాయి వేపపుల్లతో పళ్ళు తోముకుని, నీళ్ళు కారే ముఖంతోనే నా ముందు గొంతుక్కూర్చున్నాడు. 'హా' అని నా ముఖం మీదికి ఊపిరి వదిలి, "ఇప్పుడు చూడు" అన్నాడు. వేప వాసన వచ్చింది. చెయ్యి చాచాడు, గింజ పెట్టాను. దాన్ని మిగతా వాటితో కలపకుండా పైజేబులో వేసుకున్నాడు. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

దారిలో మాకు ఏ గండమూ ఎదురుకాలేదు. నాన్నకు ఆ రోజు డ్యూటీ పోయింది, రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నాడు. ముందురోజు సాయంత్రమే వచ్చేసినా ఏమీ అయ్యేది కాదని ఆయన ఇప్పటికీ అంటాడు. కావచ్చు. జరగనిదానికి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? అప్పుడు ఒళ్ళో ఉన్న పిల్లాడు మాత్రం ఇప్పుడు నాకంటే ఎత్తుగా ఉన్నాడు.

తాతయ్య పోయి చాలా ఏళ్ళయింది. నన్ను పెద్దమ్మా అని పిలిచే పిల్లలు నలుగురున్నారు, బండి నేనే నడుపుతాను. పండగకు ఎటు బయల్దేరినా తలా ఒక చింతగింజ ఇస్తాను, చెయ్యి చాచి అడుగుతాను. అడగడం మాత్రం అందరికంటే చిన్నవాళ్ళ దగ్గర మొదలుపెడతాను. పెద్దవాళ్ళు ఎలాగూ ఇచ్చేస్తారు.