పరాయి చేతి పళ్లు

కట్టుడు పళ్లు చేసే ఆయన ఎవరితో మాట్లాడినా కళ్లలోకి చూడడు, నోట్లోకి చూస్తాడు. కొట్లో అలమర నిండా వీధివాళ్ల దవడల అచ్చులే. ఇప్పుడు వాళ్లంతా చవకని విమానమెక్కి, పొరుగుదేశంలో పళ్లు కట్టించుకుని వస్తున్నారు. ఇక్కడ అచ్చులు పోసే ప్లాస్టర్ బస్తా మూతి విప్పక మూడు నెలలైంది. వీధిలో ఎవరు నవ్వినా ఆయనకు కడుపు మండుతుంది.

నిన్న ఎదురుకొట్టు టైలరు వచ్చి నోరు తెరిచాడు. "ఈ కొత్త పళ్లలో ఒకటి నాలుకకి గీసుకుంటోంది బావా, కాస్త అరగదీస్తావా?" ఆయన భూతద్దం పెట్టి ఒక్కో పన్నూ తడిమి చూశాడు. ఆ ఒక్క గరుకు తప్ప వంక పెట్టడానికేమీ దొరకలేదు. దాన్ని నున్నగా అరగదీసి, "ఎంతైనా పరాయి చేతి పని" అన్నాడు. టైలరు వెళ్లాక, అలమరలో ఉన్న అతని పాత అచ్చును దుమ్ము దులిపి, గోడవైపు తిప్పి పెట్టాడు.