సార్ బొమ్మ మీద చాయ్ గ్లాసు

జహనుమా బస్తీల మా ఇంటికి రెండు గల్లీల అవతల ఉన్న ప్రైవేటు బడి యజమాని నన్ను నలభై నిమిషాలు నిలబెట్టిండు. ఎదురుంగ మూడు కుర్చీలు ఖాళీగనే ఉన్నయి. నేను మర్చిపోలేదు, మర్చిపోను కూడా.

ఆ బడిల అంతా ఆయనే. నోటుబుక్కుల అట్టల మీద ఆయన బొమ్మ, గేటు మీద ఆయన బొమ్మ, నీళ్ల ట్యాంకు మీద కూడా ఆయన బొమ్మే. పొద్దున ప్రార్థన కాంగనే పిల్లలంతా చెయ్యి చాపి "మా ఇంటోళ్లకంటే ఎక్కువ మా మంచి కోరేది సారే" అని ప్రమాణం చెయ్యాలె. దేశం ప్రతిజ్ఞ ఆ తర్వాత, టైముంటే. ఆయన ఒక్క పిల్లకు ఒక్క ఎక్కం నేర్పంగ నేనెన్నడూ చూడలేదు.

శనివారం శనివారం తరగతిల ఒక రేకు డబ్బా తిప్పుతరు. ఇంట్ల బడి గురించి ఎవరేమన్నరో పిల్లలు చీటీ రాసి అందుల వెయ్యాలె. రాసినోళ్లకు చొక్కాకు పెట్టుకునే ఎర్ర బిళ్ల. మూడో తరగతి చదివే నా బిడ్డకు అప్పటికి ఒక్క బిళ్ల కూడా రాలేదట. ఆ బాధకు సరిగ తినేది కూడా కాదు. ఎందుకో నాకప్పుడు తెల్వదు.

ఒక శుక్రవారం సాయంత్రం చాయ్ తాగి, గ్లాసును చేతికందిన నోటుబుక్కు మీద పెట్టిన. సరిగ్గ ఆయన ముఖం మీద. బిడ్డ ఉరికొచ్చి గ్లాసు తీసి, గౌను అంచుతోటి అట్ట తుడిచింది.

"బాపూ, సార్ మీద పెట్టినవ్!"

"పాపం, ఆయనకు మాత్రం చాయ్ తాగాలనిపించదా?" అని నవ్విన. మా ఆవిడ కూడా నవ్వింది. బిడ్డ నవ్వలేదు.

సోమవారం నన్ను పిలిపించిన్రు. ఆ నలభై నిమిషాలు ఆ రోజే. తర్వాత ఆయన ఒక చీటీ నా ముందర పెట్టిండు. నా బిడ్డ గుండ్రటి అక్షరాలు: "మా బాపు సార్ ముఖం మీద చాయ్ గ్లాసు పెట్టిండు. నవ్విండు. అమ్మ కూడా."

"రేపు ప్రార్థనల అందరి ముందర మాఫీ అడగాలె," అన్నడు. "మేము సంస్కారం నేర్పిస్తున్నం, మీరు చెడగొడుతున్నరు."

"ఏ సంస్కారం సార్? కన్నోళ్ల మీద చాడీలు చెప్పుడా?"

"చాడీ కాదు, నిజాయితీ."

నోటుబుక్కు అట్టకు మాఫీ అడగమనే మనిషి నాకు నిజాయితీ గురించి చెప్పిండు!

తలుపు దగ్గర నా బిడ్డను నిలబెట్టిన్రు, కొత్త బిళ్లతోటి. "అడుగు బాపూ," అన్నది. "లేకుంటే బిళ్ల తీసుకుంటరు." ఆ కండ్లల్ల నేను ఆమె బాపును కాను, తప్పు చేసిన ఎవరో మనిషిని. చదువు ఇంకోచోట చెప్పించుకోవచ్చు, బిడ్డ పోతే ఎక్కడికెళ్లి తెచ్చుకోవాలె?

"టీసీ రాయుండ్రి," అన్న.

బిడ్డ నెల రోజులు నాతోటి మాట్లాడలేదు. ఆమె గదిలకొస్తే మేమిద్దరం గొంతు తగ్గించెటోళ్లం. సొంత ఇంట్ల, ఎనిమిదేండ్ల పిల్లకు భయపడి! దానిక్కూడా నేను ఆయననే తిడుత.

నెల దాటి టీసీ చేతికొచ్చినంక సర్కారు బడిల చేర్పించిన. మొదటి వారమే అలవాటు కొద్ది టీచరు దగ్గరికి పోయి, "మా బాపు ఈ బడిల బాత్రూములకు తలుపుల్లేవంటున్నడు" అని చెప్పిందట.

సాయంత్రం ఇంటికొచ్చి గడప మీద కూర్చున్నది. "టీచర్ నిన్ను తిట్టలే బాపూ. నాకేం ఇయ్యలే కూడా."

"మరేమన్నది?"

"నిజమే, లేవు అన్నది. మీ బాపును దరఖాస్తు రాయమను, నేను కూడా సంతకం పెడుత అన్నది."

కొంచెంసేపు చెప్పు కొసతోటి నేల గీకింది. "అయితే నేనొకటి చెప్పనా? నువ్వు అమ్మ మీద ఊకె అరుస్తవ్. నాకు నచ్చదు."

"గిట్ల అనుమని ఎవరు నేర్పిన్రు నీకు?" అని అరిచిన.

"ఎవ్వరు నేర్పలే. నేనే చూసిన," అన్నది, కదలకుండ.

వంటింట్ల నుంచే మా ఆవిడ అన్నది: "దరఖాస్తుల అది కూడా రాయి. నేను పెడుత సంతకం."