మా ఇంటి సమ్‌టైమ్స్

ఆ రోజుల్లో ఇంగ్లీషు రాకపోతే ఉద్యోగం రాదని, ఉద్యోగం రాకపోతే ఇంకేదీ రాదని మా ఇబ్రహీంపట్నంలో అందరికీ గట్టి నమ్మకం. అందుకని డిగ్రీ అవగానే రోజూ బస్సెక్కి బెజవాడ వెళ్లి స్పోకెన్ ఇంగ్లీషులో చేరాను. అక్కడ మాస్టారిది ఒక పద్ధతి. ఆల్వేస్ నుంచి నెవర్ దాకా మాటలు వరసగా బోర్డు మీద రాసి, ఒక్కోదాంతో మన ఇంట్లోవాళ్ల మీద ఒక్కో వాక్యం తయారుచేసుకు రమ్మనేవారు. ఇంట్లో పైకి గట్టిగా అంటేనే నోరు తిరుగుతుందట. నోరు తిరగడం దేవుడెరుగు, మా అమ్మ ముందు నోరు తెరవడమే కష్టమని ఆయనకేం తెలుసు?

అమ్మకి తథాస్తు దేవతలంటే హడల్. మనం ఏ మాటంటే ఆ మాటకి ‘తథాస్తు’ అనేయడానికి వాళ్లు సరిగ్గా మా పైకప్పు మీదే కాపురముంటారని ఆవిడ లెక్క. మా ఇంట్లో బియ్యం ఏనాడూ అయిపోలేదు, నిండుకున్నాయి. దీపం ఆరిపోలేదు, కొండెక్కింది. గడప దాటేవాళ్లెవరూ ‘వెళ్తున్నా’ అనలేదు, ‘వెళ్లొస్తా’ అన్నారు. అలాంటి ఇంట్లో నేను వరండాలో నిలబడి “మై ఫాదర్ ఈజ్ నెవర్ సిక్” అని అరిచాను. థర్మల్ స్టేషన్లో ఫిట్టరుగా చేసే మా నాన్న పేపరు పక్కనపెట్టి మురిసిపోయారు. అమ్మ మాత్రం అర్థమేమిటో నాచేత చెప్పించుకుని, వంటింట్లోంచి గుప్పెడు ఉప్పు తెచ్చి ఆయనకి దిష్టి తీసేసింది.

“అసలు జబ్బే చెయ్యదంటే దిష్టి తగలదుటే? మార్చు.”

“అయితే ఆల్వేస్ అననా? ఎప్పుడూ జబ్బేనని?”

“నోర్ముయ్! పైన వింటారు. అప్పుడప్పుడూ అను. అటు వాళ్లూ పట్టించుకోరు, ఇటు ఎవరి కళ్లూ పడవు.”

అలా మా ఇంట్లో సమ్‌టైమ్స్ ఒక్కటే చెల్లుబాటయింది. మా తమ్ముడు సమ్‌టైమ్స్ పాసవుతాడు, మా గేదె సమ్‌టైమ్స్ పాలిస్తుంది, మా అమ్మ సమ్‌టైమ్స్ వంట చేస్తుంది. క్లాసంతా పడీపడీ నవ్వేది. “ఏమ్మా, మీ ఇంట్లో ఏదీ రోజూ జరగదా?” అన్నారు మాస్టారు. “జరుగుతుందండీ. పైకి అనమండీ,” అన్నాను. ఆ రోజు నుంచీ నా పేరే సమ్‌టైమ్స్ అయిపోయింది (అసలు పేరుకన్నా అదే బాగుందని నాన్న అనేవారు).

ఆ ఏడే నాన్నకి గుండెలో పట్టేసినట్టు రావడం మొదలైంది. నీళ్ల ట్యాంకు చూద్దామని మేడ మెట్లెక్కినా, స్కూటరు స్టాండు తీసినా, ఛాతీ మీద చెయ్యేసుకుని ఆగిపోయేవారు. ఏమిటంటే నవ్వేసేవారు. బలవంతాన బెజవాడలో ఒక గుండె ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడి కుర్ర డాక్టరు ఉత్తరాదివాడు, తెలుగు రాదు. నొప్పి ఎంత తరచుగా వస్తోందని ఇంగ్లీషులో అడిగాడు. ఆ ప్రశ్న నేను తెలుగులో చెప్పానో లేదో, అమ్మ “అప్పుడప్పుడూ అండీ” అనేసింది. “అదే చెప్పమ్మా, ఊరికే కంగారెందుకు,” అన్నారు నాన్న కూడా. వాళ్లిద్దరి తేలికపాటి ధోరణి చూసి డాక్టరు మాత్రలు రాసి పంపేయడానికి అప్పటికే పెన్ను తీశాడు. నాకు మెట్ల మధ్యలో గోడ పట్టుకుని నిలబడ్డ నాన్నే కనబడుతున్నారు. చచ్చేంత భయమేసింది.

“ఆల్వేస్ సర్. ఎవ్రీ డే. ఆల్వేస్,” అన్నాను.

ఆ ఒక్క మాట అర్థం అమ్మకి బాగా తెలుసు. అందరి ముందూ నా మూతి మీద ఒక్కటిచ్చింది. డాక్టరు బిత్తరపోయి, ముందు నావైపు, తర్వాత నాన్నవైపు చూసి, పెన్ను పక్కన పెట్టేశాడు. ఆ సాయంత్రమే ఆపరేషనుకి చేర్చుకున్నారు. నాన్న ఇంటికొచ్చారు, మళ్లీ మెట్లెక్కారు, తమ్ముడి పెళ్లి చేశారు, నా కూతుర్ని భుజాన వేసుకుని తిప్పారు. ఆ తర్వాత ఒక ఎండాకాలం పొద్దున, పేపరు చదువుతూ చదువుతూనే, వెళ్లొస్తానని కూడా అనకుండా వెళ్లిపోయారు.

అమ్మ నన్ను పట్టుకుని ఏడుస్తూ, “ఆ రోజు నువ్వా మాట అనకుండా ఉండాల్సింది,” అంది. ఆ దెబ్బ మూతి మీద దెబ్బకన్నా గట్టిగా తగిలింది. ఆ మాట వల్లేనమ్మా నాన్న మనకి ఇన్నేళ్లు మిగిలారు అనబోయి ఊరుకున్నాను. అంత దుఃఖంలో ఉన్న మనిషితో వాదించేంత ఇంగ్లీషు గానీ తెలుగు గానీ నాకు రాదు.

మొన్న మా అమ్మాయికి స్కూల్లో ఇదే పాఠం వచ్చింది. ఇంట్లోవాళ్లని ప్రశ్నలు వెయ్యాలట. అమ్మ కాఫీ కలుపుతోంది. ఇప్పటికీ రెండు గ్లాసుల్లో పోస్తుంది, రెండోది ఎవరికని ఒక్క క్షణం చూసుకుని, చల్లారాక అదీ తనే తాగేస్తుంది.

“అమ్మమ్మా, తాతయ్య నీకు రోజూ గుర్తొస్తారా, ఎప్పుడైనానా?”

అమ్మ పైకప్పు కేసి చూసింది. “అప్పుడప్పుడూ,” అంది.

మా అమ్మాయి సమ్‌టైమ్స్ అని రాసుకుంది. అది తప్పని చెప్పబోయాను. ఈలోగా అది నావైపు తిరిగి, “మరి నీకమ్మా?” అంది.

ఒకప్పుడు డాక్టరు ముందు అంత ధైర్యంగా మాట్లాడిన పిల్ల ఎటుపోయిందో గానీ, నేనూ ఓసారి పైకి చూసి, “నాకూ అంతే, రాసుకో,” అన్నాను. అమ్మ రెండో గ్లాసు నా చేతిలో పెట్టింది.