రాగి తేలిన బంపరు

మా నాయన మొదట చూసినప్పుడు ఆ కారు కోళ్లగూడు. తొంభైల మొదట్లో సంగతి. మదనపల్లెలో మిషన్ ఆసుపత్రికి దగ్గర్లో ఒక పాత బంగళా ఉండేది. అందులో రిటైరైన డాక్టరమ్మ ఒకావిడ ఒంటరిగా ఉండేవారు. మాది పుంగనూరు. మైకుసెట్లు, సీరియల్ లైట్లు అద్దెకివ్వడం మా వ్యాపారం. క్రిస్మస్‌కు వాళ్ల చర్చిలో మైకు కట్టడానికి వెళ్లిన నాయన, కరెంటు తీగ లాక్కోవడానికి అడుగుదామని ఆ బంగళాకు పోయాడు. పక్కన రేకుల కింద పొడవాటి కారు ఒకటి, దాని మీద పెట్టలు. ఎప్పుడో ఈ దేశం విడిచి వెళ్తూ మిషన్ దొరలు ఆమెకు ఇచ్చేసి పోయిన అమెరికా కారు. ఆయన ఊరుకోకుండా భుజం మీది టవలుతో ముందు బంపరు తుడిచాడు. రెట్ట కింద నుంచి తన ముఖం కనిపించింది. ఆ ముఖం చూసుకునే మీ నాయన దాన్ని కొన్నాడని మా అమ్మ అనేది.

అంబాసిడర్లూ జీపులూ తప్ప ఎరగని మా వీధిలోకి అది వచ్చి నిలబడితే రెండు ఇళ్ల వాకిళ్లు మూసుకుపోయాయి. పైన మీగడ రంగు, కింద ఆకాశం రంగు. వెనకవైపు రెండు రెక్కలు, వాటి చివర ఎర్రలైట్లు. ఇక మిగతాదంతా క్రోమే. ముందు పళ్లు ఇకిలించినట్టు వెడల్పాటి గ్రిల్లు, లైట్ల చుట్టూ కడియాలు, తలుపుల మీదుగా తోకదాకా సాగిన పట్టీ, బానెట్ మీద ఎగరబోతున్న పిట్ట, చక్రాలకు గిన్నెల్లాంటి మూతలు. ఆ పట్టీ తీసేస్తే కారు నడవదా అంటే నడుస్తుంది. పిట్ట లేకపోయినా నడుస్తుంది. నాకు తెలిసి దాని అందమంతా అక్కడే ఉంది. అవసరం లేని చోట కూడా మెరవాలని ఎక్కడో అమెరికాలో ఎవరో కూర్చుని అనుకున్నారు. మా వైపు పెళ్లిళ్లవాళ్లు కూడా సరిగ్గా అదే అనుకుంటారు. ఇప్పటి కార్లు నాకు నచ్చవు. అరిగిపోయిన సబ్బుబిళ్లల్లా ఉంటాయి.

ఇంజిను మాత్రం అమెరికాది కాదు. అది ఎప్పుడో చచ్చిపోయింది. మదనపల్లె మెకానిక్కు ఒకతను దాని బదులు డీజిల్ ఇంజిను ఎక్కించాడు. స్టార్టు చేస్తే పొలంలో మోటారు వేసినట్టు ఉండేది. పైన దొర, లోపల మన ఊరోడే అని అందరూ ఎగతాళి చేసేవాళ్లు. ఊరేగింపులో బ్యాండు మోత ముందు ఆ చప్పుడు ఎవరికి వినపడుతుంది? నాయన లెక్క అదే. పెళ్లి ఊరేగింపులకు, మా మాటలో మెరవణికి, ఆ కారును తిప్పాడు. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి పిలిచేవాళ్లు. పెళ్లికూతుర్ని ఎక్కించేలోపల ఆమెకు తోడొచ్చిన ఆడపిల్లలంతా బంపరు ముందు వంగి బొట్టు సర్దుకునేవాళ్లు. అందులో ముఖం అడ్డంగా సాగి కనిపిస్తుంది. ఒకరినొకరు చూసి నవ్వుకునేవాళ్లు. పెళ్లిలో అది కూడా ఒక ముచ్చట.

అంత కారు ఇంటి ముందే ఉన్నా మేమెవరం ఎక్కకూడదు. అది నాయన పెట్టిన కట్టుబాటు. పెళ్లి లేని రోజుల్లో దాని మీద టార్పాలిన్ కప్పి ఉంచేవాడు.

"రోజూ కూరగాయలకు పోయే బండైతే పెండ్లికి ఎవురు పిలుస్తారు? కనపడకుంటేనే బేరం. ఇంట్లోవాళ్లు ఎక్కి తిరిగితే దానికి విలువ యాడుంటాది?" అనేవాడు.

ఆ మాటలో వ్యాపారం ఉంది, కాదనను. కానీ దాని దెబ్బ మా అమ్మకు తగిలింది. అమ్మది పెద్దతిప్పసముద్రం దగ్గర పల్లె. ఆమె పెళ్లైన ఏడాది వానల్లేవు, మెరవణి పెట్టుకోలేదు. నుదుటి మీద బాసికంతోనే బస్సులో పుంగనూరు వచ్చింది, పక్కన శనక్కాయల మూటతో. దాన్ని ఆమె కష్టంగా చెప్పేది కాదు, నవ్వుతూనే చెప్పేది. కానీ కారు వచ్చినప్పటి నుంచి ఒకే కోరిక. ఒక్కసారి వెనకసీట్లో కూర్చుని మా ఊరి బజారు మీదుగా పోవాలి. దాచుకున్నది కూడా కాదు, ఉగాదికో దసరాకో అడిగేసేది. నాయన "సూస్తాంలే" అనేవాడు. ఆ మాటకు మా ఇంట్లో "లేదు" అని అర్థం.

ప్రతి పెళ్లి తర్వాత సీటు మీది పూరేకులు, అక్షింతలు ఊడ్చేది అమ్మే. అప్పుడు కూడా నేల మీద నిలబడి, నడుం వంచి, చెయ్యి లోపలికి చాచి ఊడ్చేది. ఎక్కి ఊడిస్తే సులువు కదా అని ఒకసారి నేనన్నాను.

"కసువు ఊడ్సేదానికి ఎక్కితే అది ఎక్కినట్టా?" అంది.

ఏళ్లు గడిచేకొద్దీ క్రోముకు పొక్కులు వచ్చాయి. నాయన బెంగళూరులో ఎవరి చేతనో మళ్లీ పూత వేయించాడు. అతను పైపైన పూసి పంపాడు. మొదట బాగానే మెరిసింది, ఒక వానాకాలం దాటాక మచ్చలు తేలాయి. అంతలో కుప్పం నుంచి పెద్ద పెళ్లి వచ్చింది. ముందురోజు నాయన ఏదో సామాను కోసం మదనపల్లె పోతూ అమ్మతో "బంపరు మీద మచ్చలు పడినాయి, కొంచెం తుడిసిపెట్టు" అన్నాడు.

తుడవడం అంటే నాయన మనసులో మెత్తటి గుడ్డ. మా అవ్వ, అంటే నాయన వాళ్లమ్మ, మనసులో మాత్రం చింతపండు, ఇటికపొడి. పండగొచ్చినా పెళ్లొచ్చినా దీపం కుందులు, చెంబులు, బిందెలు అన్నీ వాటితోనే తోముతారు. మెరిసేదేదైనా చింతపండుకు లొంగి తీరాలని మా ఆడవాళ్ల నమ్మకం. అవ్వ పీట వేసుకుని బంపరు ఒక కొస పట్టింది, అమ్మ ఇంకో కొస. నేను నీళ్లు పోస్తున్నాను. మచ్చలు పోయాయి. అమ్మకు సంతోషం. ఇంకొంచెం తోమితే పూత పొరలుగా లేచి, కింద ఎర్రగా కనపడింది.

"అత్తా, ఇదేంది ఎర్రగా వస్తాండాది?" అంది అమ్మ.

"రాగి," అంది అవ్వ తడుముకోకుండా. "లోపల అసలు రాగి ఉండాది. ఆ దొరలకేం తెలుసు, పైన ఏందో పూసి దాసిపెట్టినారు. ఆపొద్దు, తోమేకొద్దీ తేల్తాది."

నిజంగానే తేలింది, క్రోము పట్టడానికి అడుగున వేసే రాగి పూత. పక్కింటివాళ్లు కూడా కొంగు దోపుకుని వచ్చారు. మధ్యాహ్నానికి గ్రిల్లు, లైట్ల కడియాలు కూడా అయిపోయాయి. ఒకచోట ఎర్రగా, ఒకచోట పసుప్పచ్చగా, అక్కడక్కడ నల్లటి ఇనుము. అవ్వ తృప్తిగా చూసి పసుపు కుంకుమ పెట్టింది.

సాయంత్రం నాయన వచ్చాడు. చేతిలో సామాను అలాగే పట్టుకుని బంపరు ముందు గొంతుక్కూర్చున్నాడు. వేలితో రుద్దాడు. 

"అమ్మా, ఇది చెంబా?" అని మాత్రం అడిగాడు.

"చెంబు కన్నా బాగొచ్చింది గదప్పా," అంది అవ్వ.

మర్నాడు ముందు భాగమంతా బంతిపూల దండలతో కప్పి కుప్పం తీసుకుపోయాడు. పెద్దపంజాణి దాటకముందే గాలికి సగం దండలు ఊడిపోయాయట. మిగతావి పెళ్లికొడుకు మేనమామ పక్కకు జరిపి చూశాడట. "ఏమప్పా, బండికి బొల్లి వచ్చినట్టుండాదే. మా పిల్లోడు పెండ్లినాడు ఎక్కే బండా ఇది?" అన్నాడట. వాళ్లు పూలు కట్టిన జీపులో మెరవణి చేసుకున్నారు. నాయన ఆ పెళ్లిలో అన్నం కూడా తినకుండా తిరిగొచ్చాడు. ఇదంతా ఆయన మాకు చెప్పలేదు, అవ్వకు చెప్తుంటే తలుపు వెనక నుంచి విన్నాం.

అమ్మను ఆయన ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే ఆమె రెండు మాటలు తిరిగి అనేది, అంతటితో పోయేది. బెంగళూరులో మళ్లీ అడిగితే, ఇనుమును తుప్పు తినేసింది, ఇక పూత నిలవదు అన్నారట. కుప్పం మాట నాలుగు ఊళ్లకు పాకింది. పిలిచేవాళ్లు ఆగిపోయారు. కారు నెలల తరబడి టార్పాలిన్ కిందే ఉండిపోయింది. అమ్మ దాని పక్క నుంచి నీళ్లబిందె తెచ్చుకునేది, అటు చూసేది కాదు. ఉగాది వచ్చింది, పోయింది. ఆమె అడగలేదు. పాడు చేసిన చేత్తో ఏం అడుగుతుంది? నాకు నాయన మీదే కోపంగా ఉండేది. ఊళ్లోవాళ్ల కూతుళ్లందరినీ తిప్పాడు, ఇంట్లో మనిషి దగ్గరికి వచ్చేసరికి బేరం గుర్తొచ్చింది.

ఒక సాయంత్రం నాయన అరుగు మీద పాత స్పీకరు విప్పుకుని కూర్చున్నాడు. అమ్మ నేరుగా పోయి టార్పాలిన్ ఒక మూల పట్టి లాగేసింది. దుమ్ము లేచింది.

"ఏమయ్యా," అంది. "కనపడకుంటేనే బేరం అంటివి. ఇప్పుడు బేరమే లేదు గదా. నన్ను ఎక్కించేదానికి ఇంకా యాల ఆలోసిస్తాండావు?"

ఆమె అక్కడి నుంచి కదల్లేదు. నాయన స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. లేచి లోపలికి పోయాడు. కోపమొచ్చి పోయాడనుకున్నాం. కాసేపటికి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని వచ్చాడు. కారు కడిగాడు. వెనక తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు.

"కూసో," అన్నాడు.

అమ్మ ఇంట్లోకి పరుగెత్తింది. పట్టుచీర కాదు, అంత ధైర్యం చేయలేదు, కానీ బాగున్న చీరే కట్టుకుని వచ్చింది. నేనూ వెనక ఎక్కబోతే నాయన "నువ్వు ముందరికి రా" అన్నాడు. వెనకసీటు మొత్తం అమ్మకే. బజారు వీధి మొదలవగానే ఆయన బండిని బాగా నెమ్మది చేశాడు. పెళ్లికొడుకుల్ని తిప్పే నడక. ముందు బ్యాండు లేదు కాబట్టి ఇంజిను మోత అందరికీ వినపడింది. వెనక ఒక లారీ హారను కొడుతూనే ఉంది, ఆయన పట్టించుకోలేదు. అంగళ్ల నుంచి మనుషులు తొంగిచూశారు. నేను వెనక్కి తిరిగి చూస్తే, నలభై దాటిన మా అమ్మ కొత్త పెళ్లికూతురిలా తల వంచుకుని, ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. నాకు ఏడుపొచ్చింది. కిటికీ వైపు తిరిగిపోయాను.

గుడి మలుపులో పూలమ్మే ఆమె కారును గుర్తుపట్టింది. బుట్ట పక్కన పెట్టి కిటికీ దగ్గరికి వచ్చింది. లోపల ఎవరో పోల్చుకోలేదు.

"ఎవురి పెండ్లమ్మా?" అని అడిగింది.

అమ్మ తల ఎత్తకుండానే జవాబు చెప్పింది.

"నాదే."

నాయన ఆ మాట విన్నాడు. వీధి చివరిదాకా గేరు మార్చలేదు.