బర్కాలో పంచిన నిమ్మ అంట్లు

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి చలికాలం చివరి రోజుల్లో కంపెనీ నన్ను గల్ఫ్‌లో బర్కా అనే ఊళ్లోని ఒక నిమ్మతోటకు పంపింది. అప్పుడు దగ్గర్లోనే సీబ్ అనే ఊళ్లో ఉండేవాణ్ణి. హోదా సీనియర్ మొక్కల తెగుళ్ల నిపుణుడు, జనం పిలిచేది మాత్రం చెట్ల డాక్టరని. తెల్లవారినా సముద్రం మీది మంచు ఖర్జూరాల నడుమ ఇంకా కదల్లేదు. ఆ నిమ్మపూత వాసనలో వచ్చిన పనే కాసేపు మరిచిపోయాను.

తోట చూసుకునే గంగారాం జగిత్యాల మనిషి. మంచులో మరీ పచ్చగా కనబడుతున్న చెట్టు దగ్గరికి నన్ను తీసుకెళ్లాడు.

"ఈ కొమ్మ జూడుండ్రి సార్, ఎంత మంచిగ చిగురేసిందో. అంట్లన్ని దీనికే కట్టిన," అన్నాడు మురిసిపోతూ.

కొమ్మను దగ్గరికి వంచి చూశాను. గుత్తుగా సన్నపుల్లలు, చిట్టి లేత ఆకులు, ముల్లు లేదు, పూత లేదు. అది చిగురు కాదు, చీపురు తెగులు. ఆకురసం పీల్చే దోమ దాన్ని చెట్టు నుంచి చెట్టుకు మోస్తుంది, సోకిన కొమ్మకు కట్టిన అంటు కూడా మోస్తుంది. ల్యాబ్ పరీక్షలోనూ అదే తేలింది. నయం చేసే మందు లేదు. సోకినదాన్ని వేళ్లతో సహా తీసి కాల్చాలి, దోమకు మందు కొట్టాలి, కొత్త మొక్కలు దోమవల కప్పిన నర్సరీ నుంచే తేవాలి.

అసలు చిక్కు వేరే ఉంది. యజమాని అబూ సాలిం ఇంటికి ఎవరొచ్చినా ఖహ్వా అనే అరబ్బు కాఫీ, ఖర్జూరం పెట్టి, వెళ్లేటప్పుడు ఒక నిమ్మ అంటు చేతికిచ్చేవాడు. అవన్నీ గంగారాం కట్టినవే. ఇచ్చింది తిరిగి అడగడం అక్కడ తలవంపులు.

"అర్బాబ్‌కు చెప్తె నన్ను ఇంటికి తోలిస్తడు సార్," అన్నాడు గంగారాం, యజమానిని తలచుకుని భయంగా. జాలేసింది. అయినా చెప్పక తప్పలేదు.

అబూ సాలిం విని కప్పు కింద పెట్టాడు. తర్వాత హిందీలో, కట్టింది వీడైనా మెచ్చి పంచింది తానే కదా అన్నాడు. గంగారాంను పికప్‌లో పక్కన కూర్చోబెట్టుకుని, తానిచ్చిన మొక్కల్ని ఇల్లిల్లూ తిరిగి తానే అడిగి తెచ్చాడు. ప్రతి ఇంట్లోనూ ముందు ఖహ్వా తాగి, తర్వాతే అడిగాడు. ఎవరూ కాదనలేదు. అన్నీ కాల్చాం.

మరుసటి చలికాలం వెళ్తే గంగారాం కొత్త మొక్కల మధ్యే ఉన్నాడు. రక్తం చిందిన బొటనవేలు చూపించి, "ముల్లున్నది సార్," అన్నాడు సంతోషంగా. ఇప్పటికీ ఎవరైనా నిమ్మచెట్టు బాగా పచ్చగా ఉందంటే, నేను ముందు ముల్లు కోసమే వెతుకుతాను.