మరదలి కారు గేర్‌బాక్సు

కరోనా బందులు పూర్తిగా ఎత్తేసిన మరుసటి సంవత్సరం, రథయాత్ర వెళ్ళిన వారంలో, నిమ్‌పురా రోడ్డు మీద శంకర్‌దా గ్యారేజీలో నేను ఉద్యోగంలో చేరాను. అప్పటికే ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు నుంచి రిటైరయ్యాను. అక్కడ ఖలాసీగా చేరి సీనియర్ టెక్నీషియన్‌గా దిగాను. స్పానరు పట్టే మనిషి ఎక్కగలిగిన ఆఖరి మెట్టు అది. ఆ పై మెట్లన్నీ కుర్చీలవాళ్ళవి. నా సర్వీసులో ఎక్కువ భాగం డీజిల్ షంటింగ్ ఇంజన్ల ట్రాన్స్‌మిషన్ సెక్షన్‌లో గడిచింది. ఆ ఇంజన్లకు క్లచ్ తొక్కే పని లేదు. రెండు గిన్నెలను ఎదురెదురుగా పెట్టి, మధ్యలో నూనె నింపినట్టుంటుంది ఆ యంత్రం. ఇంజను ఒక గిన్నెను తిప్పితే నూనె తోపుకు రెండోది తిరుగుతుంది, దానితో చక్రాలు కదులుతాయి. ఆటోమేటిక్ కారులో ఉండేదీ అదే, పిల్ల సైజులో. ఇంగ్లీషు మాన్యువల్ పక్కన డిక్షనరీ పెట్టుకుని ఆ విద్య నేర్చుకున్నాను, ఎవరూ నేర్పలేదు. ఊళ్ళో ఆ డబ్బా విప్పే ధైర్యం ఉన్న మనిషి మరొకడు లేక శంకర్‌దా నాకు కబురు చేశాడు.

అసలు సంగతికి ముందు ఒక మాట చెప్పాలి. రైల్వేలో ఏ వస్తువునైనా పారేయాలంటే ముందు దాన్ని 'కండెమ్' చేయాలి. దానికి కమిటీ కూర్చోవాలి. ఎందుకు పాడైంది, బాగుచేస్తే ఎన్నాళ్ళు నడుస్తుంది అని చూసి వేర్వేరు శాఖలవాళ్ళు సంతకాలు పెట్టాలి. విరిగిన స్టూలుకైనా అంతే. వయసులో ఉన్నప్పుడు ఆ తతంగం చూసి నవ్వుకునేవాళ్ళం. కార్లకైతే కమిటీ లేదు, గిమిటీ లేదు. ఏసీ గదిలో టై కట్టుకున్న ఒకాయన కంప్యూటర్ వంక చూసి "ఎసెంబ్లీ మార్చాలి" అంటాడు. ఎసెంబ్లీ అంటే మొత్తం డబ్బా. అందులో ఏ ముక్క చెడిందో చెప్పడు, ఎందుకంటే విప్పి చూసేవాడు అక్కడ లేడు. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

గ్యారేజీలో నా చేతికి వచ్చిన మొదటి పెద్ద పని మా మరదలు రత్నం కారు. రత్నం నా భార్యకు చెల్లెలు, ప్రేమ్ బజార్ దాటాక ఉన్న ఒక బడిలో టీచరు. చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది. క్లచ్ తొక్కడం ఆమె వల్ల కాదు. ఆటోమేటిక్ కారుకు ఎడమ కాలితో పనే లేదు గనుక, ఎంతో వెతికి ఈ మూడు గేర్ల పాత బండి కొనుక్కుంది. కారు రాకముందు ఆమె బడికి వెళ్ళాలంటే భర్త స్కూటరే గతి. ఆయన లైను మీదకు డ్యూటీకి పోతే ఎవరో ఒకరి కోసం గుమ్మంలో ఎదురుచూసేది. కారు వచ్చాక వాళ్ళ రైల్వే కాలనీ ట్రాఫిక్ సెటిల్‌మెంటులో ఆడవాళ్ళే బజారుకు పోవడానికి ఆమె కోసం ఎదురుచూడడం మొదలుపెట్టారు.

ఆ వానాకాలంలో కారు మొండికేసింది. పొద్దున్నే ముందుకు పోయే గేరు, డీ లో వేస్తే కాసేపు కదలకుండా నిలబడి, తరవాత ఒక్క కుదుపుతో బయల్దేరేది. ఒకరోజు పురీ గేటు ఫ్లైఓవర్ ఎక్కుతూ సగంలో ఇంజను హోరుమంటున్నా బండి కదల్లేదు. వెనక బస్సు హారన్ కొడుతుంటే టోటోలనే బ్యాటరీ రిక్షాల వాళ్ళు నలుగురు దిగి పక్కకు తోశారు. కంపెనీ సర్వీసు సెంటరులో చూపిస్తే మామూలు జవాబే, ఎసెంబ్లీ మార్చాలి. దాని ఖరీదు కారు ఖరీదును మించిపోయింది. కొత్త ఆటోమేటిక్ కొనే స్తోమత వాళ్ళకు లేదు. అంటే ఈ గేర్‌బాక్సు పోతే రత్నం మళ్ళీ గుమ్మంలోకి పోతుంది.

ఇక ఆమె భర్త జగన్నాధం. నాకు తోడల్లుడు. మెయిల్ బళ్ళు నడిపి రిటైరైన ఎలక్ట్రిక్ లోకో పైలట్. రన్నింగ్ స్టాఫ్‌కూ వర్క్‌షాపు వాళ్ళకూ ఖరగ్‌పూర్‌లో ఎప్పుడూ పడదు. నడిపేవాడే రైల్వే అని వాళ్ళు, బాగుచేసేవాడే రైల్వే అని మేము. ఆయన కారుతో పాటు గ్యారేజీకి వచ్చి నిలబడ్డాడు.

"కండెమ్ సేసీ అన్నయ్యా," అన్నాడు. "టోటోలో ఎల్తాది. వర్క్‌షాపోళ్ళ సంగతి నాకు తెల్దేటి? ఇప్పుతారు. బిగించినాక మిగిలిన బోల్టులు జేబులో ఏసుకుంటారు."

"పట్టాల మీద నడిపినోడివి. స్టీరింగే లేని బతుకు నీది. నువ్వు నాకు కారు సంగతి సెప్పకు," అన్నాను నేను.

రత్నం ఇద్దర్నీ ఆపింది. నా పెళ్ళినాటికి ఆమె గౌను వేసుకున్న పిల్ల. ఆ చనువుతో ఇప్పటికీ నన్ను నువ్వనే పిలుస్తుంది. "బావా, మీ జగడం తరవాత. అంతంత ఇంజన్లు బాగుసేసినానని మా అప్పకి గొప్పలు సెప్తావు కదా. ఇది అవుతాదా, అవదా? టోటోలో ఎక్కడం నాకు సిన్నతనం కాదు. ఇంకొకలు ఎప్పుడొస్తారా అని కూకోడం ఉంది సూడు, అది నా వల్ల కాదు."

శంకర్‌దా వ్యాపారి. "ఖులే లాభ్ నేయ్, దాదా" అన్నాడు బెంగాలీలో, విప్పితే లాభం లేదని. కలకత్తా పాత సామాను బజారు నుంచి అదే మోడల్ వాడిన గేర్‌బాక్సు తెప్పించి బిగిద్దామన్నాడు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. డబ్బా విప్పితే ముక్కలు దొరికేదాకా బండి స్థలం ఆక్రమించి కూర్చుంటుంది. రత్నం సరేనంది. జగన్నాధమూ తల ఊపాడు. నేను ఒప్పుకోలేదు. కమిటీ కూర్చోకుండా కండెమ్ ఎలా చేస్తారు? పరీక్షలు అయ్యేదాకా కలకత్తాకు ఫోన్ చేయొద్దని శంకర్‌దాతో కొంచెం గట్టిగానే చెప్పాను.

మొదటి పరీక్ష నూనె. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ఎర్ర నూనె ఉంటుంది. దాని మట్టం చూసే ఉక్కు పుల్లను డిప్‌స్టిక్ అంటారు. ఆ కారులో ఆ మట్టాన్ని బండి కాసేపు తిరిగి వేడెక్కాక, ఇంజను నడుస్తుండగానే చూడాలి. ఇంజను నడిచేటప్పుడు నూనెలో కొంత పైన గిన్నెల్లోకీ గొట్టాల్లోకీ పోతుంది. అడుగున తొట్టెలో మిగిలినదే అసలు లెక్క. అలా చూస్తే పుల్లకు తడి అంటలేదు. పంపు నూనెకు బదులు గాలి పీలుస్తోంది. గాలితో ఒత్తిడి రాదు, ఒత్తిడి లేకపోతే లోపలి క్లచ్ ప్లేట్లు పట్టవు, జారుతాయి. అందుకే ఎత్తు ఎక్కేటప్పుడు ఆ హోరు.

మరి నూనె ఏమైంది? బండి కింద దూరి చూశాను. ఎక్కడా కారిన జాడ లేదు, ఒక్క చుక్క లేదు. జగన్నాధాన్ని అడిగితే రోషం వచ్చింది. "రోజూ పొద్దున్నే నానే సూస్తాను. లెవెల్ గీత మీద ఉంటాది. ఒక్క పూటా తప్పలేదు," అన్నాడు. ఆయన అబద్ధమాడే మనిషి కాడు. దాంతో నా కోపం సర్వీసు సెంటరు మీదకు పోయింది. నూనె కూడా పూర్తిగా పోయలేదని వాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ కొత్త నూనె సరైన మట్టానికి పోశాను. చల్లబడిన బండి మొదటిసారి ఎలా పడుతుందో చూడాలి కాబట్టి కారు ఇంటికి తీసుకుపొమ్మని, పొద్దున్నే నేను వస్తానని రత్నానికి చెప్పాను.

ట్రాఫిక్ సెటిల్‌మెంటును ఆనుకుని ఉంది వాళ్ళ ఇల్లు. నేను వెళ్ళేసరికి జగన్నాధం ఇస్త్రీ చొక్కా వేసుకుని, టార్చి, గుడ్డ పట్టుకుని కారు చుట్టూ తిరుగుతున్నాడు. లోకో ఛార్జి తీసుకునే ముందు పైలట్ ఇంజను పరీక్ష చేస్తాడు. చూసిన ప్రతిదాన్నీ గొంతెత్తి చెప్పాలి, అసిస్టెంటు తిరిగి చెప్పాలి. అదే అలవాటు. "టైర్లు ఓకే. నీళ్ళు ఓకే. బ్రేక్ ఆయిల్ ఓకే," అంటూ వచ్చి గేర్‌బాక్సు డిప్‌స్టిక్ లాగాడు. ఇంజను ఇంకా స్టార్ట్ చేయలేదు.

పుల్ల చూసి నాలుక చప్పరించాడు. "నిండిపోనాది. షాపోళ్ళు పోత్తే ఇలాగే ఉంటాది," అని లోపలికి పోయి ఒక పెద్ద సిరంజి, సెలైన్ గొట్టం తెచ్చాడు. గొట్టం డిప్‌స్టిక్ రంధ్రంలోకి దించి, నేను పోసిన నూనెను సీసాలోకి లాగడం మొదలుపెట్టాడు.

నాకు అప్పుడు అర్థమైంది. ఎలక్ట్రిక్ లోకోలో కంప్రెసర్ నూనె మెషీను ఆగి ఉన్నప్పుడే చూస్తారు. అది ఎక్కువైతే గాలి గొట్టాల్లోకి కక్కుతుంది. అది పైలట్లకు తలనొప్పి, అందుకే ఎక్కువ నూనె అంటే వాళ్ళకు భయం. కారు గేర్‌బాక్సులో మాత్రం రాత్రంతా నిలబడితే పైనున్న నూనె అంతా తొట్టెలోకి దిగి మట్టం పైకి కనిపిస్తుంది. ఆదివారం బండి కదలకపోతే సోమవారం ఇంకా పైకి. ఈయన ఎక్కువ కనిపించినప్పుడల్లా కొంచెం కొంచెం లాగేశాడు. ఎంత శ్రద్ధగల మనిషైతే అంత నష్టం.

"ఒరే నాయనా, ఆపు," అన్నాను. ఇంజను స్టార్ట్ చేయించి, కాలనీలో ఒక చుట్టు తిప్పించి, నడుస్తుండగానే పుల్ల లాగి చూపించాను. మట్టం గీత కిందికి పడిపోయింది.

జగన్నాధం పుల్లను గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి చూశాడు. "ఆగినప్పుడు ఒకటీ, నడిసినప్పుడు ఒకటీ సూపిత్తే అది గేజేటి, అబద్ధాల పుల్ల," అన్నాడు. అంతకు మించి ఒప్పుకోలు ఆయన నోట రాలేదు. రాదని నాకు తెలుసు.

రత్నం టిఫిన్ సంచి చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి అంతా చూసింది. "అయితే బావా, కలకత్తా నుంచి గేర్‌బాక్సు తెచ్చి ఏసినా..."

"నెల తిరక్కముందే దాన్నీ ఎండబెట్టీసేవోడు మీ ఆయన," అన్నాను.

లాగిన నూనె తిరిగి పోశాను. మిగిలిన ప్రశ్న, ఇన్నాళ్ళు జారిన ప్లేట్లు ఎంత కాలాయి అన్నది. గ్యారేజీలో చక్రాలకు కొయ్య అడ్డులు పెట్టి స్టాల్ పరీక్ష చేశాను. బ్రేకు గట్టిగా తొక్కి, గేరు వేసి, ఇంజను వేగం పెంచి, అది ఎక్కడ ఆగుతుందో చూడటమే ఆ పరీక్ష. కొన్ని క్షణాలు మించితే నూనె మాడిపోతుంది. రివర్సులో బాగానే ఆగింది. డీ లో మాత్రం ఉండాల్సిన దానికన్నా పైకి పోయింది. అంటే వెనక్కి పోయే క్లచ్ బాగుంది, ముందుకు పోయే క్లచ్ జారుతోంది. తరవాత అడుగు తొట్టె విప్పాను. అందులో ఒక అయస్కాంతం ఉంటుంది. దానికి మెత్తటి బూడిదరంగు ముద్ద అంటితే అది వయసు. మెరిసే లోహపు పొలుసులు దొరికితే లోపల గేర్లే అరిగిపోయినట్టు, మార్చడం తప్పదు. మాకు దొరికింది బూడిద ముద్ద, కొంచెం నల్లటి పొడి. ఆ పొడి ప్లేట్ల మీది పూత. లోహపు మెరుపు లేదు.

శంకర్‌దాను పిలిచి తొట్టె చూపించాను. వేలితో రాసి చూసుకుని, "ఠీక్ హై దాదా, కొరున్" అన్నాడు, అలాగే చెయ్యమని. డబ్బా దించి ముందుకు పోయే క్లచ్ ప్లేట్లు, రబ్బరు సీళ్ళు, ఫిల్టరు మార్చాను. గేర్ల జోలికి పోలేదు. బోల్టు ఒక్కటి మిగల్లేదు. ఈ మాట జగన్నాధం కోసం రాస్తున్నాను.

కారు అప్పగించే రోజు ఇద్దరూ వచ్చారు. రత్నం తాళం తీసుకునే ముందు భర్త వైపు చెయ్యి చాపింది. "లోకో దిగిన పైలట్ ఎక్కే పైలట్‌కి ఛార్జి ఇవ్వాలి కదండీ. ఇచ్చీండి. సిరంజీ గొట్టం కూడా."

"మరి పొద్దున్నే నానేటి సెయ్యాలి?" అన్నాడు జగన్నాధం, నిజంగానే దిగులుగా.

"టైర్లలో గాలి సూసుకోండి. ఎక్కువైతే తీసీండి, నాను అడగను."

శంకర్‌దాకు మాటలు అర్థం కాకపోయినా నవ్వాడు. ట్రయల్ తీయడానికి నేను స్టీరింగు దగ్గరికి వెళ్తే ఆమె ఒప్పుకోలేదు. నన్ను పక్కన, జగన్నాధాన్ని వెనక కూర్చోబెట్టి పురీ గేటు ఫ్లైఓవర్‌కు తనే తీసుకుపోయింది. మునుపు ఆగిపోయిన ఆ ఎత్తు మీదే కావాలని బండి ఆపింది. వెనక లారీవాడు హారన్ కొట్టాడు. ఆమె తొందరపడలేదు. బ్రేకు వదిలి కుడి కాలు మెల్లిగా నొక్కింది. కుదుపు లేదు, హోరు లేదు, బండి ఎక్కేసింది. వెనక సీట్లోంచి జగన్నాధం అలవాటు చొప్పున "స్టార్టింగ్ ఓకే" అని గట్టిగా చెప్పాడు. ఆమె తిరిగి "ఓకే" అంది. ఈ రోజుకీ ఆ బండిలోనే బడికి వెళ్తోంది.

పాత గేర్‌బాక్సును బాగుచేయాలా, మార్చాలా అని ఇప్పటికీ ఫోన్లు చేసి అడుగుతుంటారు. వాళ్ళకు చెప్పేది ఇది. అది రెండో ప్రశ్న. మొదటిది, ఎందుకు పాడైంది అన్నది. తొట్టెలో మెరుపు ఉంటే మార్చండి, లేకపోతే బాగుచేయించండి. కారణం తెలియకుండా మాత్రం రెండూ చేయకండి. పాత డబ్బాను పాడుచేసిన చెయ్యి కొత్త డబ్బాను కూడా అలాగే పట్టుకుంటుంది. ఆ చెయ్యి ఎవరిదో కంప్యూటర్ చెప్పదు. బండి ఉండే ఇంటికి ఒక పొద్దున్న వెళ్ళి నిలబడి చూడాలి.