ఒక్క చుక్క దగ్గర ఆగే చెయ్యి

మా పక్కింటి అప్ప పోయిన సోమవారం ఉదయం చనిపోయింది. కుళాయి దగ్గర బిందె నిండుతుండగా అక్కడే కూలబడింది. ఆటో వచ్చేసరికి ప్రాణం లేదు. గోడ అవతలే కాలేజీ. అప్ప అక్కడ ల్యాబ్ అటెండరు కాబట్టి నేనే వెళ్ళి ప్రిన్సిపాల్ గారికి కబురు చెప్పాను. ఆయన "అయ్యో" అన్నారు. గంట తిరగకుండానే వాచ్‌మన్ వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు. ఏదో సాయానికి పంపించారనుకున్నాను.

"ల్యాబు తాళం అప్ప కాడే ఉండిపోనాదంట. సారు పట్టుకు రమ్మన్నారు," అన్నాడు తల వంచుకొని.

అప్పటికి ఆమెకు ఇంకా స్నానమైనా చేయించలేదు. నడుముకి కట్టుకున్న తాళంచెవి నేనే విప్పి అతని చేతిలో పెట్టాను. అతన్ని ఏమంటాం, పంపిస్తే వచ్చాడు.

నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను. గుళ్ళో ప్రార్థన చేసినా పక్కనున్నవాళ్ళకు వినిపించదని మా పాస్టరమ్మ గారు నవ్వుతారు. కానీ ఆ పూట గోడ అవతల బెల్లు మామూలుగా కొడుతూనే ఉంటే, ప్రతి పీరియడ్ బెల్లూ నా గుండెల మీద కొట్టినట్టయింది. అంతకు ముందు ఏడాది ఒక లెక్చరర్ గారి మామగారు పోతే రెండో పీరియడ్ అవగానే పిల్లల్ని నిలబెట్టి మౌనం పాటించి కాలేజీ వదిలేశారు. ఆ మామగారు ఈ కాలేజీ మెట్టు ఎక్కిన మనిషి కాదు. అప్ప పాతికేళ్ళు ఆ మెట్లు కడిగింది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. కోపంతోనే రాస్తున్నాను, చదివేవారు మన్నించాలి.

అప్ప అంటే మా వైపు అక్క. రక్తసంబంధం ఏమీ లేదు. ఆమెది సముద్రం ఒడ్డు, మాది చర్చికి పోయే కుటుంబం. ఆమె చిన్నప్పుడు ఎనిమిదో తరగతితో చదువు ఆపేసి తట్ట నెత్తికెత్తుకుంది. కోటబొమ్మాళి సంత దాకా చేపలు అమ్మింది. భర్త ఈ ప్రభుత్వ జూనియర్ కాలేజీలోనే అటెండరు. ఆయన హఠాత్తుగా పోతే ఆ ఉద్యోగం ఆమెకు ఇచ్చారు. ఇంటర్ రెండేళ్ళు చెప్పే చిన్న కాలేజీ అది. మా చుట్టుపక్కల పల్లెలకు, ఒడ్డున ఉన్న వాడలకు అదొక్కటే దిక్కు. నా కాలంలో అదీ లేదు. అందుకే నా చదువు పదితో ఆగిపోయింది.

అప్ప చేరేనాటికి కెమిస్ట్రీకి మంచి లెక్చరర్ గారు ఉండేవారు. ఆయన ప్రాక్టికల్స్ చెబుతుంటే వెనక నిలబడి సీసాలు అందిస్తూ, గాజుసామాను కడుగుతూ, అప్ప అన్నీ విన్నది. ఒక్క ఏడాది కాదు, ఆయన రిటైరయ్యేదాకా విన్నది. ఆయన వెళ్ళాక ఆ కుర్చీలోకి మరి ఎవరూ రాలేదు. పక్క మండలం నుంచి ఒకాయన వారానికి రెండు రోజులు డిప్యుటేషన్ మీద వస్తున్నట్టు కాగితం మాత్రం వచ్చింది. కాగితమే వచ్చింది, ఆయన రాలేదు. పాఠం బోటనీ మేడమ్ గైడు చూసి చెప్పేవారు. ప్రాక్టికల్స్ దగ్గరకొచ్చేసరికి ఆవిడ చేతులెత్తేశారు. అప్పుడు అప్ప చీర కుచ్చెళ్ళు పైకి దోపి ల్యాబులోకి వెళ్ళింది. ఎవరూ వెళ్ళమనలేదు. ఎవరూ వద్దనీ అనలేదు.

నేను మిషను కుడతాను. పిల్లలకు తెల్లకోట్లు కుట్టి ఇవ్వడానికి ఒకసారి ల్యాబుకి వెళ్ళి తలుపు దగ్గర నిలబడిపోయాను. మా అమ్మాయి కూడా అప్పుడు అక్కడే చదువుతోంది. ఒక్కో అమ్మాయి ముందు ఒక స్టాండు, దానికి పొడవాటి గాజు గొట్టం. దాన్ని బ్యూరెట్ అంటారు. అందులో ఊదారంగు ద్రావకం. కింద ఫ్లాస్కు. గొట్టం అడుగున ఉన్న బిరడా తిప్పితే చుక్కలు పడతాయి.

"ఒసే గుంటా, నా మొకమేటి సూస్తావు? ఫ్లాస్కు సూడు," అంటోంది అప్ప.

"సూస్తన్నాను అప్పా. రంగు వస్తంది, మల్లీ పోతంది."

"పోతాది. పోయినంతసేపూ నువ్వు పొయ్యాల. పోకుండా నిలబడిపోయిన సుక్క ఉంటాది సూడు, అక్కడ ఆపాల. ఇంకో సుక్క పడిందా, పొద్దున్నించి సేసిందంతా పారబొయ్యడమే."

పక్క అమ్మాయి ఫ్లాస్కు అప్పటికే ముదురు రంగుకు తిరిగిపోయింది. అప్ప దాన్ని ఎత్తి వెలుతురుకి పట్టి చూసింది.

"ఇదేటే, వంకాయ కూర వండినావా?"

పిల్లలంతా పగలబడి నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వింది. మళ్ళీ కడుక్కొని మొదలుపెట్టింది.

తెల్లటి లవణం పొడి ఏదో ఇచ్చి, అదేమిటో కనిపెట్టమనే పరీక్ష ఇంకొకటి ఉంటుంది. దానికి అప్ప చెప్పేది ఒకటే మాట. "సేపని కొన్నట్టు కొనాల. కన్ను సూడు, మొప్ప ఎత్తి సూడు, వాసన సూడు, అప్పుడు ఇది ఫలానా అని సెప్పు. ముందే పేరు సెప్పేసి తరవాత సూడకు." ప్రాక్టికల్ పరీక్ష రోజున కొన్నిచోట్ల ఆ పొడుల పేర్లు చీటీల మీద రాసి పిల్లల చేతుల్లో పెట్టేస్తారని అందరికీ తెలుసు. మా కాలేజీలో అప్ప ఉన్నన్నాళ్ళూ ఒక్క చీటీ నడవలేదు. బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్లు మా పిల్లల చేతులు చూసి ఆశ్చర్యపోయేవారట. ఎవరు నేర్పారని మాత్రం అడిగేవారు కాదు.

ఆ ఊదారంగు మందు వేళ్ళకు తగిలితే గోధుమరంగు మరక పడుతుంది. సబ్బుకి పోదు. సాయంత్రం బెల్లు కొట్టేముందు అప్ప పిల్లల్ని వరసగా నిలబెట్టి ఆక్సాలిక్ ఆసిడ్ కలిపిన నీళ్ళతో ఒక్కొక్కరి వేళ్ళు తుడిచేది. "మీ యమ్మలు సూసి గుంటకి ఏదో రోగమొచ్చినాదనుకుంటారు," అనేది. తన గోళ్ళు మాత్రం ఎప్పుడూ తుడుచుకోలేదు. మేం ఎరిగిన నాటినుంచి ఆ గోళ్ళు గోధుమరంగే.

మా అమ్మాయి ఇప్పుడు నర్సు. సిరంజిలో మందు ఎక్కించేటప్పుడు ఈనాటికీ చెయ్యి వణకదంటుంది. అప్ప అలవాటు చేసిన చెయ్యి.

ఇక కాలేజీకి వచ్చిన తనిఖీ సంగతి. రాయాలంటే ఇప్పటికీ నా చెయ్యి ఆగుతోంది, ఎందుకంటే అందులో నా తప్పు ఉంది.

కెమిస్ట్రీ లెక్చరర్ లేని కాలేజీల్లో బైపీసీ గ్రూపు ఉంచాలా తీసెయ్యాలా చూడటానికి ఒక ఆఫీసరు గారు వస్తున్నారని తెలిసింది. గ్రూపు పోతే ఒడ్డు పిల్లలు రెండు బస్సులు మారి టౌనుకి వెళ్ళాలి. ఏ తండ్రీ పంపడు. నర్సు అవ్వాలన్నా, ఇంకేదైనా అవ్వాలన్నా, ఆ దారి అక్కడితో మూసుకుపోయినట్టే. ముందురోజు సాయంత్రం అప్ప మా అరుగు మీదకు వచ్చి కూర్చుంది.

"ఏటి సెయ్యమంటావే సెల్లీ? ఆ డిప్యుటేషన్ బాబు వారానికి రెండు రోజులొచ్చి ప్రాక్టికల్స్ సెప్తన్నాడని అందరం ఒకే మాట సెప్పాలంట. పెద్దసారు హుకుం."

నేను ఆలోచించలేదు. ఆలోచించాల్సిన అవసరం ఉందని కూడా అనుకోలేదు. "అబద్దం మనకెందుకప్పా? అడిగితే ఉన్నది ఉన్నట్టు సెప్పు. దేవుడు సూసుకుంటాడు," అన్నాను.

"నీ దేవుడు సూసుకుంటాడు. మరి నా దేవుడో?"

"ఇద్దరూ సూసుకుంటారులే."

అప్ప నవ్వి లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు ఏం జరిగిందో అక్కడున్న పిల్లలు చెప్పారు. ఆఫీసరు గారు ల్యాబులోకి వచ్చి ఒక అమ్మాయిని చేసి చూపించమన్నారు. ఒడ్డు నుంచి వచ్చే పిల్ల, రెండో ఏడాది. ఆ పిల్ల బ్యూరెట్ కడిగి, నింపి, చుక్క చుక్కగా వదిలి, లేత గులాబీ రంగు నిలబడిన చోట చెయ్యి ఆపేసింది. ఆయన మెచ్చుకున్నారట. ఎవరమ్మా నేర్పింది అని అడిగారు. ఆ పిల్ల అప్ప వైపు చూసింది. ప్రిన్సిపాల్ గారు గబుక్కున, మా డిప్యుటేషన్ సారండి, అన్నారు. ఆఫీసరు గారు అప్ప వైపు తిరిగి, ఆయన ఏయే రోజుల్లో వస్తారమ్మా అని అడిగారు.

"ఆ బాబు మొకం నాను సూడనేదు బాబూ," అంది అప్ప. "పిల్లలకి నానే సెప్తన్నాను."

ఆయన రాసుకున్నారు. ఏం రాసుకున్నారో నెల తిరిగాక తెలిసింది. అర్హత లేని మనిషి ల్యాబు నడుపుతోంది కాబట్టి గ్రూపు ఎత్తేశారు. తన పని పరిధి దాటినందుకు సంజాయిషీ ఇమ్మని అప్పకు మెమో ఇచ్చారు. రాకుండానే వచ్చినట్టు సంతకాలు పెట్టినాయనకు ఏ మెమో లేదు. అబద్ధం చెప్పమన్నవారికి ఏమీ లేదు. ఒక లెక్చరర్‌ని పంపించండి అని ఒక్క వాక్యం రాస్తే ఆ ఆఫీసరు గారి కలం అరిగిపోయేదా? ఆయన కళ్ళతో చూశారు కదా, ఆ పిల్ల చెయ్యి ఎంత సరిగ్గా ఆగిందో. చూసి కూడా మూసేశారు. వారిని నేను క్షమించాలని నాకు తెలుసు. ఇంకా క్షమించలేదు.

ఆ ఆదివారం గుళ్ళో మోకాళ్ళ మీద కూర్చుని, ప్రార్థన సగంలోనే ఆపి లేచి వచ్చేశాను. నువ్వు చూసుకుంటావని నేను మాట ఇచ్చాను కదా ప్రభువా అని అడగాలనిపించింది. ఇంటికొచ్చి అప్ప చేతులు పట్టుకున్నాను.

"నా వల్లే అప్పా."

"నీ మొకం. నువ్వు సెప్పకపోయినా నానదే సెప్పుదును. పిల్ల ముందర అబద్దమాడితే రేపు ఆ పిల్ల నా మాట వింటాదా?"

నన్ను ఓదార్చడానికి అన్నదో, నిజంగానే అన్నదో నాకిప్పటికీ తెలియదు.

బైపీసీ పిల్లలకు టీసీలు ఇచ్చి టౌను కాలేజీకి మారమన్నారు. ఆఫీసరు గారికి చేసి చూపించిన ఆ పిల్ల నెల రోజులు రెండు బస్సులు ఎక్కింది. తరవాత మానేసింది. ఇప్పుడు రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తీస్తోంది.

అప్పను ఆఫీసు గదిలో టీలు పెట్టడానికి వేశారు. ల్యాబు తాళం మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయింది. రెండేళ్ళపాటు ప్రతి శనివారం మధ్యాహ్నం ఆ గది తెరిచి, ఊడ్చి, ఒక్కో బ్యూరెట్‌లో మందు పోసి బిరడా తిప్పి చూసేది. ఎందుకప్పా ఈ చాకిరీ అంటే, "తిప్పకపోతే బిరడా పట్టేస్తాది. రేపు గ్రూపు మల్లీ వస్తే గుంటలు దేంతో సేస్తారు?" అనేది. వస్తుందని నిజంగా నమ్మింది. ఎవరో లెక్చరర్‌కి పోస్టింగ్ ఇచ్చారని ఎక్కడో విన్న ప్రతిసారీ, ఆ శనివారం ఇంకాస్త సేపు ఉండి వచ్చేది.

పాడె లేచే వేళకు ప్రిన్సిపాల్ గారు ఇద్దరు లెక్చరర్లతో వచ్చారు. దండ వేశారు. "చాలా నమ్మకమైన మనిషి. టీ ఎంత బాగా పెట్టేదో," అన్నారు.

అప్పుడే డప్పులు ఆగాయి. అందుకే నా మాట అందరికీ వినబడింది.

"ఆవిడ మా పిల్లలకి కెమిస్ట్రీ సెప్పిందండి."

ఆయన ఇబ్బందిగా చూశారు. "అవన్నీ ఇప్పుడెందుకమ్మా."

"ఇంకెప్పుడండి? ఆవిడ అయితే మీ ముందరే, ఆఫీసరు గారి ముందరే సెప్పింది. మీరు ఈ రోజైనా ఒప్పుకోండి."

ఆయన ఒప్పుకోలేదు. పక్కనున్న లెక్చరర్ గారు వాచీ చూసుకున్నారు. ముగ్గురూ అప్పకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు.

అంతకు ముందు, ఆడవాళ్ళం అప్పకు స్నానం చేయించినప్పటి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఆ రొయ్యల ఫ్యాక్టరీ పిల్ల కబురు అంది షిఫ్టు మధ్యలో లేచి వచ్చేసింది. తలకు పెట్టుకునే టోపీ ఇంకా చేతిలోనే ఉంది. అప్ప వైపు ముసలమ్మ ఒకామె చింతపండు పెట్టి గోళ్ళు రుద్దుతోంది.

"ఎంత రుద్దినా పోదేటే ఇది? ఇలగే పంపేస్తామా?"

"దానికి పోదు పెద్దమ్మా," అంది ఆ పిల్ల. "ఆక్సాలిక్ ఆసిడ్ రాస్తే పోతాది. అప్ప మాకు రోజూ అదే రాసేది."

"మరెల్లి తేవే. ఆ కాలేజీలోనే ఉంటాది గదా."

ఆ పిల్ల నా వైపు చూసింది.

"ల్యాబు తాళం పట్టుకుపోనారమ్మా," అన్నాను.

ముసలమ్మ చెయ్యి వదిలేసింది. ఆ పిల్ల పక్కన కూర్చుని ఆ చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. ఐసునీళ్ళలో నాని నాని ఆ పిల్ల వేళ్ళు తెల్లగా ముడుచుకుపోయి ఉన్నాయి. ఆ తెల్లటి వేళ్ళ మధ్య అప్ప గోధుమరంగు గోళ్ళు. బొటనవేలు, చూపుడువేలు కొద్దిగా వంగి, బిరడా తిప్పబోతూ ఆగినట్టే ఉన్నాయి.